చీఫ్ మెనోమినీ స్మారకం, పొటవాటమీ ఊరు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉత్తర ఇండియానాలో ప్లిమత్ పట్నానికి దగ్గర్లో, పొలాల మధ్య రోడ్డు పక్కన చీఫ్ మెనోమినీ అనే నేటివ్ అమెరికన్ నాయకుడి గ్రానైట్ విగ్రహం ఉంది. 1838 సెప్టెంబరులో సైనికులు వెళ్లగొట్టేదాకా ఆ చుట్టుపక్కల ఆయన తెగ, పొటవాటమీ ప్రజల ఊరు ఉండేది. చికాగో, సౌత్ బెండ్, పర్డ్యూ యూనివర్సిటీ వైపు ఉండే మన తెలుగువాళ్లు దాని గురించి అడిగే సందేహాలు ఎప్పుడూ ఇంచుమించు అవే. అందుకే వాటన్నిటినీ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరే మొదలుపెట్టండి, పైనుంచి చదవాల్సిన పని లేదు.

## వెళ్లే ముందు

ఇది సరిగ్గా ఎక్కడుంది? చికాగో నుంచి ఒక్క రోజులో వెళ్లి రావచ్చా?

హాయిగా వెళ్లి రావచ్చు. మార్షల్ కౌంటీలో, ప్లిమత్‌కి నైరుతి దిక్కున కొన్ని మైళ్ల దూరంలో, ట్విన్ లేక్స్ అనే చెరువుల దగ్గర, సౌత్ పీచ్ రోడ్ పక్కన ఉంటుంది. మ్యాప్‌లో చీఫ్ మెనోమినీ అని కొడితే వస్తుంది. యూఎస్ 30, యూఎస్ 31 రెండూ ప్లిమత్ మీదుగానే వెళ్తాయి కాబట్టి చికాగో, సౌత్ బెండ్, ఇండియానాపోలిస్ ఎటు నుంచి వచ్చినా దారి సులువు. చికాగో నుంచి వచ్చేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి. ప్లిమత్‌లో ఈస్టర్న్ టైమ్ నడుస్తుంది, అంటే వెళ్లేటప్పుడు మీకు ఒక గంట తగ్గిపోతుంది.

టికెట్ ఉందా? ఏ కాలంలో వెళ్తే మంచిది?

టికెట్ లేదు. రోడ్డు పక్కన ఉండే బహిరంగ స్థలం. పగటిపూట వెళ్లండి. ఉత్తర ఇండియానాలో చలికాలం మంచు గట్టిగా పడుతుంది కాబట్టి మే నుంచి అక్టోబరు దాకా అనుకూలం. నన్నడిగితే సెప్టెంబరు మొదటి వారం వెళ్లమంటాను. ఊరివాళ్లను వెళ్లగొట్టింది ఆ రోజుల్లోనే. ఆ ఎండ, ఆ దుమ్ము ఎలా ఉండేవో అప్పుడు వెళ్తే కొంచెమైనా అర్థమవుతుంది. తిండి, బాత్రూమ్ లాంటివి ప్లిమత్‌లోనే చూసుకుని బయల్దేరండి. చుట్టుపక్కలవి ప్రైవేటు ఇళ్లు, పొలాలు. వాటిలోకి అడుగుపెట్టొద్దు.

పిల్లలతో వెళ్తే బోర్ కొడుతుందేమో?

విగ్రహం ఒక్కటే చూసి వస్తే అరగంట కూడా పట్టదు, పిల్లలకు నిజంగానే విసుగొస్తుంది. దాంతోపాటు చెరువు వైపు ఉన్న చాపెల్ (ప్రార్థనా మందిరం) రాయి దగ్గరికి కూడా వెళ్లండి. తర్వాత యూఎస్ 31 మీద దక్షిణంగా వెళ్లి రోచెస్టర్ దగ్గర ఫుల్టన్ కౌంటీ మ్యూజియం చూడండి. వెళ్లగొట్టిన మొదటి రోజు వాళ్లను నడిపించింది ఆ వైపే. పదేళ్లు దాటిన పిల్లలైతే కారులో వెళ్తుండగానే జరిగిందంతా చెప్పేయండి. తెలిసి చూసిన రాయికీ తెలియకుండా చూసిన రాయికీ చాలా తేడా ఉంటుంది.

వాళ్లను "రెడ్ ఇండియన్లు" అనొచ్చా? మన పుస్తకాల్లో అలాగే ఉండేది కదా?

అనకపోవడమే మంచిది. ఇప్పుడు వాళ్లు దాన్ని అవమానంగా తీసుకుంటారు. తెగ పేరు తెలిసినప్పుడు ఆ పేరే వాడండి: పొటవాటమీలు. అందరినీ కలిపి చెప్పాల్సి వస్తే నేటివ్ అమెరికన్లు అనండి. స్మారకాల మీద, పాత చట్టాల్లో "ఇండియన్" అని కనిపిస్తుంది. అది అప్పటి రాత.

## రాయి దగ్గర

విగ్రహం కింద ఏం రాసుంది?

క్లుప్తంగా ఇదీ సంగతి: చీఫ్ మెనోమినీ జ్ఞాపకార్థం, ఆయనతో ఉన్న 859 మంది పొటవాటమీల జ్ఞాపకార్థం ఈ స్మారకం. గవర్నర్ డేవిడ్ వాలెస్ అనుమతితో, జనరల్ జాన్ టిప్టన్ నాయకత్వంలోని సైనిక దళం 1838 సెప్టెంబరు 4న వీళ్లను ఈ రిజర్వేషన్ (తెగకు విడిగా ఉంచిన భూమి) నుంచి తొలగించింది. ఇంకో వైపు చట్టం తెచ్చిన సభ్యుడి పేరు, ట్రస్టీల పేర్లు, స్థలం ఇచ్చిన దాత పేరు ఉంటాయి.

ఈ రాతలో నాకు బాగా నచ్చేది ఒకటుంది. చాలా స్మారకాలు "ఇక్కడ ఒకప్పుడు ఫలానావాళ్లు నివసించారు" అని, వాళ్లంతట వాళ్లే లేచి వెళ్లిపోయినట్టు రాస్తాయి. ఇది ఎవరు పంపారో, ఎవరి ఉత్తర్వుతో పంపారో పేర్లతో సహా చెక్కింది. కానీ "తొలగించారు" అన్న ఒక్క ముక్క దగ్గర ఆగిపోయింది. మెనోమినీ ఆ భూమిని అమ్మలేదన్న సంగతి గానీ, దారిలో చనిపోయిన పిల్లల సంగతి గానీ అందులో లేవు. రాయి దగ్గరికి వెళ్లేవాళ్లు ఆ రెండూ తెలుసుకుని వెళ్లాలని నా కోరిక.

దీన్ని ఎవరు పెట్టించారు? ఎప్పుడు?

ఇండియానా రాష్ట్ర ప్రభుత్వమే పెట్టించింది. ప్లిమత్ నుంచి శాసనసభకు వెళ్లిన డేనియల్ మెక్‌డొనాల్డ్ 1905లో బిల్లు పెట్టాడు, అప్పుడది నెగ్గలేదు. 1907లో మళ్లీ ప్రయత్నించి 2,500 డాలర్లు మంజూరు చేయించాడు. 1909 సెప్టెంబరు 4న, అంటే వెళ్లగొట్టిన రోజుకు సరిగ్గా 71 ఏళ్లకు, ఆవిష్కరించారు. అమెరికాలో శాసనసభ చట్టం చేసి ఒక నేటివ్ అమెరికన్‌కు కట్టిన మొదటి స్మారకం ఇదేనని చెబుతారు. ఊళ్లో తరతరాలుగా నలుగుతున్న విషయాన్ని ఒక స్థానిక నాయకుడు పట్టు వదలకుండా చట్టసభ దాకా తీసుకెళ్లడం చిన్న సంగతి కాదు.

అప్పటి మనుషులు ఎలా ఉండేవారో ఈ విగ్రహం చూస్తే తెలుస్తుందా?

అందుకు విగ్రహం కంటే జార్జ్ వింటర్ బొమ్మలు నమ్మకమైనవి. ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఈ చిత్రకారుడు 1837లో లోగన్స్‌పోర్ట్ చేరి, ఇక్కడి పొటవాటమీలను ఎదురుగా చూసి గీశాడు. తలపాగాలు, పొడవాటి కోట్లు, రంగు రిబ్బన్లు కుట్టిన బట్టలు, వెండి నగలు ఆ బొమ్మల్లో కనిపిస్తాయి. సినిమాల్లో చూసే ఈకల కిరీటాలు, గుర్రాల మీద వేట లాంటి బొమ్మ మనసులో పెట్టుకుని వెళ్తే ఈ ఊరు అర్థం కాదు. వీళ్లు అడవులు, చెరువుల మధ్య మొక్కజొన్న పండించుకుంటూ, వేటాడుతూ, ఫ్రెంచి వర్తకులతో రెండు వందల ఏళ్ల వ్యాపారం ఎరిగిన జనం.

చాపెల్ రాయి అంటున్నారు, అదేంటి?

మెనోమినీ ఊరి మధ్య దుంగలతో కట్టిన చిన్న కాథలిక్ ప్రార్థనా మందిరం ఉండేది. అది ఉన్న చోట చెరువు దగ్గర ఒక పెద్ద బండరాయికి లోహపు పలక బిగించారు. విగ్రహం నుంచి దూరం కొంచెమే. చాలామంది విగ్రహం దగ్గర ఫోటో దిగి వెనక్కి తిరిగిపోతారు. నా లెక్కలో చూడాల్సిన అసలు చోటు ఇదే. 1838 ఆగస్టు ఆఖర్లో మీటింగ్ అని పిలిచి, వచ్చినవాళ్లను తుపాకులతో చుట్టుముట్టింది ఈ మందిరం దగ్గరే.

పాత ఇళ్లేమైనా మిగిలాయా?

లేవు. వాళ్ల ఇళ్లు బెరడుతో, చాపలతో కప్పిన విగ్వామ్‌లు, దుంగల గుడిసెలు. ఊరు ఖాళీ చేయించాక ఆ నేల సెటిలర్ల (బయటి నుంచి వచ్చి స్థిరపడ్డ తెల్లవాళ్ల) పొలాలుగా మారింది. కంటికి కనిపించేవి చెరువులే. నీటి పక్కన నిలబడి చుట్టూ చూస్తే, ఊరికి ఈ చోటే ఎందుకు ఎంచుకున్నారో మాత్రం తెలిసిపోతుంది.

## రాయి వెనక జరిగింది

భూమి ఒప్పందం మీద అమ్మేశారని చదివాను. మరి అన్యాయం ఎక్కడ?

ఈ ప్రశ్నే అన్నిటికన్నా ఎక్కువ వస్తుంది, అందుకే వివరంగా చెబుతాను.

1832 అక్టోబరులో టిప్పెకనూ నది దగ్గర జరిగిన ఒప్పందంలో పొటవాటమీలు ఇండియానాలో చాలా భూమి వదులుకున్నారు. బదులుగా కొన్ని చిన్న రిజర్వులు వాళ్లకు మిగిలాయి. వాటిలో ఒకటి మెనోమినీకీ, ఇంకో ముగ్గురు నాయకులకూ కలిపి ఇచ్చిన 22 సెక్షన్లు. ఒక సెక్షన్ అంటే 640 ఎకరాలు, అంటే మొత్తం 14,080 ఎకరాలు. ఇది నలుగురి పేరు మీద, వాళ్ల జనం కోసం ఉంచిన ఉమ్మడి భూమి.

నాలుగేళ్లు తిరక్కుండానే ఇండియన్ ఏజెంట్ (తెగల వ్యవహారాలు చూసే ప్రభుత్వ అధికారి) ఏబెల్ పెప్పర్ ఒక్కో రిజర్వునూ కొనడం మొదలుపెట్టాడు. 1836 ఆగస్టు 5న ఎల్లో రివర్ దగ్గర ఈ 22 సెక్షన్లను ఎకరం ఒక డాలరు చొప్పున రాయించుకున్నాడు. రెండేళ్లలో ఖాళీ చేయాలన్నది షరతు. ఆ ఏడాది ఇలా రాయించుకున్నవాటిని తర్వాత "విస్కీ ఒప్పందాలు" అన్నారు. ఆ పేరు చాలు, సంతకాలు ఎలా తీసుకున్నారో తెలియడానికి. వచ్చిన డబ్బులోంచి వర్తకుల అప్పులు కూడా తీసేసుకున్నారు.

మెనోమినీ సంతకం పెట్టలేదు. రిజర్వు కాగితంలో మొదటి పేరు ఆయనదే, అమ్మకం కాగితంలో ఆయన పేరే లేదు. నేను నా భూమి అమ్మలేదు, అమ్మను, ఏ ఒప్పందం మీదా సంతకం చేయలేదు, చేయను అని ఆయన అన్నట్టుగా రాతల్లో నిలిచింది. అమెరికా అధ్యక్షుడికి నిజం తెలియదని, తెలిస్తే తనను వదిలేస్తాడని కూడా ఆయన నమ్మాడు. వాషింగ్టన్‌కు అర్జీలు వెళ్లాయి, ఫలితం రాలేదు.

కాబట్టి "అమ్మేశారు" అన్న మాట సగం నిజం కూడా కాదు. కొందరితో సంతకం పెట్టించి, పెట్టని మనిషినీ ఆయన జనాన్నీ అదే కాగితం చూపించి బయటికి నెట్టారు.

మెనోమినీ అంటే విస్కాన్సిన్‌లో ఉన్న తెగ కదా?

రెండూ వేరు. విస్కాన్సిన్‌లో మెనోమినీ అనే తెగ ఇప్పటికీ ఉంది. ఇక్కడ మెనోమినీ అన్నది ఒక పొటవాటమీ నాయకుడి పేరు. ఆయన మొదట్నుంచీ మత బోధకుడిగా పేరున్నవాడు, తాగుడు మానమని తన జనానికి చెప్పేవాడు. 1820ల మొదట్లో ఐజాక్ మెకాయ్ అనే బాప్టిస్టు మిషనరీతో పరిచయమైంది. తర్వాత కాథలిక్ బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన జనంలో చాలామంది అదే దారిన నడిచారు. ఊరి మధ్య చాపెల్ ఉండటానికి కారణం అదే.

1838లో అసలేం జరిగింది? సైన్యం దాకా ఎందుకు వెళ్లింది?

ఆ జూన్‌లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. ప్రభుత్వ భూమిలో ముందుగా వచ్చి కూర్చున్నవాళ్లకు దాన్ని కొనుక్కునే మొదటి హక్కు ఇచ్చింది. దాంతో ఆగస్టు 5 గడువు ముగియకముందే సెటిలర్లు రిజర్వులో దిగిపోయారు. గడువు దాటాక గొడవలు ముదిరాయి. పొటవాటమీలు ఒక సెటిలర్ తలుపు మీద గొడ్డలి వేటు వేశారు. బదులుగా సెటిలర్లు వాళ్ల గుడిసెలు పది తగలబెట్టారు. సెటిలర్లు గవర్నర్ వాలెస్‌ను రక్షణ అడిగారు. ఆయన జాన్ టిప్టన్‌కు వంద మంది వాలంటీర్ సైనికులను కూడగట్టమని అనుమతి ఇచ్చాడు. టిప్టన్ అప్పటికి అమెరికా సెనేటర్ కూడా.

ఆగస్టు 30న మందిరం దగ్గర మీటింగ్ అని పిలిచారు. వచ్చిన నాయకులను పట్టుకున్నారు. తర్వాతి రోజుల్లో సైనికులు చుట్టుపక్కల తిరిగి, దొరికినవాళ్లనందరినీ ఒకచోటికి తోలుకొచ్చారు. పొలాల్లో పంట అలాగే ఉంది. సెప్టెంబరు 4 ఉదయం కాన్సస్ వైపు వరుస కదిలింది. మొదటి రోజే 21 మైళ్లు నడిపించారు. మెనోమినీని, మరికొందరు నాయకులను ఖైదీల బండిలో ఎక్కించి కాపలా పెట్టారు.

ఆ ఏడాది కరువు. దారిలో వాగులు ఎండిపోయాయి, ఉన్న నీళ్లు పాడైపోయాయి. జ్వరాలు, విరేచనాలు పట్టుకున్నాయి. జబ్బుపడ్డవాళ్లను సామాను బండ్లలో పడుకోబెట్టారు. పైన కప్పిన గుడ్డ ఎండనూ దుమ్మునూ ఆపకపోగా గాలి కూడా ఆడనివ్వలేదని వాళ్లతో వెళ్లిన పాద్రీ పెటీ రాశాడు.

ఎంతమంది చనిపోయారు?

సెప్టెంబరు 4 నుంచి నవంబరు 4 వరకు, దాదాపు 660 మైళ్ల దారిలో, 40 మందికి పైగా. వాళ్లలో ఎక్కువమంది పిల్లలు. ప్రయాణం నడిపినవాళ్లే రోజువారీ డైరీ రాయించారు కాబట్టి ఈ మరణాలు నమోదయ్యాయి. చాలా రోజుల దగ్గర ఒకే తరహా వాక్యం కనిపిస్తుంది: ఈ రాత్రి ఒక పిల్లవాడు చనిపోయాడు, ఉదయం పూడ్చిపెట్టి బయల్దేరాం. పేరు ఉండదు. అందుకే దీన్ని "ట్రైల్ ఆఫ్ డెత్" అంటారు.

"ట్రైల్ ఆఫ్ టియర్స్" అన్నది ఇదేనా?

కాదు. అది ముఖ్యంగా చెరోకీ ప్రజలను జార్జియా, టెనెసీ ప్రాంతాల నుంచి ఇప్పటి ఓక్లహోమాకు తరలించిన ఘటన. రెండూ ఒకే కాలంలో జరిగాయి, రెండింటికీ మూలం 1830లో ఆండ్రూ జాక్సన్ సంతకం చేసిన ఇండియన్ రిమూవల్ చట్టమే. చెరోకీల కథ పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది, పొటవాటమీలది అంతగా ఎక్కలేదు.

పాద్రీ పెటీ ఎవరు? ఆయన ఏ పక్షం?

బెంజమిన్ పెటీ ఫ్రాన్స్‌లో రెన్ నగరానికి చెందినవాడు. లాయరు పని వదిలి పాద్రీ అయ్యాడు. 1837 చివర్లో ఈ ఊరికి వచ్చి వాళ్ల భాష నేర్చుకున్నాడు. బిషప్ అనుమతి అందాక దారిలో, ఇల్లినాయ్‌లోని డాన్విల్ దగ్గర, వాళ్లను కలిసి కాన్సస్ దాకా వెంట వెళ్లాడు. రోగులను చూసుకున్నాడు, చనిపోతున్న పిల్లలకు బాప్తిస్మం ఇచ్చాడు. తిరిగి వస్తూ 1839 ఫిబ్రవరి 10న సెయింట్ లూయిస్‌లో జబ్బుతో చనిపోయాడు. అప్పటికి 27 ఏళ్లు. ఆయన అస్థికలు ఇప్పుడు నోటర్ డామ్ యూనివర్సిటీ ఆవరణలోని లాగ్ చాపెల్‌లో ఉన్నాయి.

పక్షం అంటే, ఆయన వాళ్ల తరఫున అర్జీలు రాయించాడు. కానీ ఆయన రావడం వల్ల జనం గొడవ చేయకుండా నడిచారన్న మాట కూడా నిజమే, టిప్టన్ పక్షానికి అది పనికొచ్చింది. ఆయన మంచితనాన్ని నేను శంకించను. ఆ మంచితనం ఆ క్రూరమైన పనిని ఆపలేకపోయింది, అంతే.

## ఆ తర్వాత, ఇప్పుడు

నడిపించిన దారి పొడవునా వెళ్లి చూడొచ్చా?

కారులో చూడొచ్చు. రోచెస్టర్, లోగన్స్‌పోర్ట్, లాఫయెట్ మీదుగా ఇల్లినాయ్‌లో డాన్విల్, స్ప్రింగ్‌ఫీల్డ్, క్విన్సీ. అక్కడ మిసిసిపీ నది దాటి మిజూరీ, ఆఖరికి కాన్సస్‌లో ఒసావటమీ. వాళ్లు రాత్రి దిగిన చోట్ల బండరాళ్లకు పలకలు బిగించి గుర్తులు పెట్టారు. మొత్తం దారిలో ఇవి 80 దాకా ఉంటాయి. చాలావాటిని బాయ్ స్కౌట్లు, స్థానిక చరిత్ర సంఘాలు, పొటవాటమీ కుటుంబాలు సొంత శ్రమతో నిలబెట్టాయి. 1994లో నాలుగు రాష్ట్రాలూ దీన్ని ప్రాంతీయ చారిత్రక మార్గంగా గుర్తించాయి. 1988 నుంచి అయిదేళ్లకోసారి పొటవాటమీ వారసులూ, వాళ్ల మిత్రులూ కలిసి సెప్టెంబరులో ఈ దారి వెంట స్మారక యాత్ర చేస్తున్నారు. పర్డ్యూలో చదివే మన పిల్లలకు ఈ గుర్తులు బస్సు దూరంలోనే ఉన్నాయి, సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

కాన్సస్ చేరాక వాళ్లకేమైంది?

చలికాలం మొదట్లో చేరారు. వాళ్లకు చెప్పిన ఇళ్లు అక్కడ లేవు. 1839 వసంతంలో షుగర్ క్రీక్ అనే చోటికి మారి అక్కడ కాథలిక్ మిషన్ (మత కేంద్రం) కట్టుకున్నారు. మెనోమినీ 1841లో అక్కడే చనిపోయాడు, ఇండియానా మళ్లీ చూడలేదు. 1848లో అక్కణ్నుంచి కూడా కదిలి కాన్సస్ నది వైపు వెళ్లాల్సి వచ్చింది. షుగర్ క్రీక్‌లో ఆ పదేళ్లలో చనిపోయిన 600 మందికి పైగా పేర్లు ఇప్పుడు అక్కడి శిలువల మీద రాసి ఉన్నాయి.

ఇప్పుడు పొటవాటమీలు ఉన్నారా, అంతరించిపోయారా?

ఉన్నారు. "ఒకప్పటి ఊరు" అన్న పలక చూసి మనుషులే లేరనుకోవడం పెద్ద పొరపాటు. ఓక్లహోమాలో షానీ కేంద్రంగా సిటిజన్ పొటవాటమీ నేషన్ ఉంది. ట్రైల్ ఆఫ్ డెత్‌లో నడిచినవాళ్ల వారసులు చాలామంది అందులోనివాళ్లే. కాన్సస్‌లో ప్రెయిరీ బ్యాండ్ (బ్యాండ్ అంటే తెగలో ఒక శాఖ), విస్కాన్సిన్‌లో ఫారెస్ట్ కౌంటీ పొటవాటమీ, మిషిగన్‌లో పోకాగాన్, హానవిల్, గన్ లేక్, నాటవాసెపి హ్యూరాన్ బ్యాండ్‌లు ఉన్నాయి. కెనడాకు వెళ్లి స్థిరపడ్డవాళ్లూ ఉన్నారు. వీళ్లకు సొంత ప్రభుత్వాలు, కోర్టులు, ఆరోగ్య కేంద్రాలు, భాషా తరగతులు నడుస్తున్నాయి.

అందరినీ పంపేస్తే సౌత్ బెండ్ పక్కన పోకాగాన్ వాళ్లు ఎలా మిగిలారు?

లియోపోల్డ్ పోకాగాన్ అనే నాయకుడు 1833 చికాగో ఒప్పందంలో తన జనం మిషిగన్‌లోనే ఉండేలా ఒప్పించుకున్నాడు. తర్వాత ప్రభుత్వం నుంచి వచ్చిన డబ్బుతో అక్కడే భూమి కొని సొంత పేరు మీద పెట్టుకున్నాడు. కొనుక్కున్న పట్టా భూమి కాబట్టి ఖాళీ చేయించడం కష్టమైంది. అమెరికా ప్రభుత్వం ఈ బ్యాండ్‌ను తిరిగి అధికారికంగా గుర్తించింది మాత్రం 1994లో. వాళ్ల కేంద్రం మిషిగన్‌లోని డోవజాక్.

వాళ్ల పండగలకు మనలాంటివాళ్లు వెళ్లొచ్చా? ఎలా మసలుకోవాలి?

పౌవావ్‌లకు, అంటే ఆటపాటలతో జరిగే వాళ్ల వేడుకలకు, సాధారణంగా అందరూ రావచ్చు. పోకాగాన్ బ్యాండ్ ఏటా లేబర్ డే వారాంతంలో డోవజాక్ దగ్గర ఒకటి జరుపుతుంది, చికాగో నుంచి కూడా వెళ్లొచ్చు. మొదట్లో జెండాలతో నృత్యకారులు లోపలికి వచ్చేటప్పుడు లేచి నిలబడాలి, టోపీ తీయాలి. మైకులో ఫోటోలు వద్దంటే ఫోన్ లోపల పెట్టేయండి. ఒక మనిషిని ప్రత్యేకంగా ఫోటో తీయాలంటే ముందు అడగండి. వాళ్లు వేసుకున్న బట్టల మీద, ఈకల మీద చెయ్యి వేయొద్దు, చాలావరకు అవి ఇంట్లో పెద్దల నుంచి వచ్చినవి. డప్పు చుట్టూ కూర్చున్నవాళ్ల దగ్గరికి పిల్లల్ని పరుగెత్తనివ్వకండి. అందరూ ఆడొచ్చని మైకులో పిలిచినప్పుడు మాత్రం మొహమాటపడకుండా వలయంలోకి వెళ్లండి.